రోసేసియా ఎరుపుకి రాసిన జెల్: పొద్దున తగ్గుతోంది, సాయంత్రానికి రెట్టింపవుతోంది. ఆపేయాలా?

రాజమండ్రి లెక్కల టీచరు

నమస్కారం. నాకు 46 ఏళ్లు, హైస్కూల్లో లెక్కలు చెబుతాను. రెండు బుగ్గలు, ముక్కు, గడ్డం మీద ఎరుపు కొన్నేళ్లుగా ఉంది. మొదట్లో ఎండలో నడిచొస్తేనో, పొగలు కక్కే కాఫీ తాగితేనో వచ్చి కాసేపటికి పోయేది. ఈమధ్య పోవడం మానేసి అక్కడే కాపురం పెట్టింది. అద్దం దగ్గరగా పెట్టుకుని చూస్తే ముక్కు పక్కన ఎర్ర దారం పోగుల్లా సన్నటి రక్తనాళాలు కనబడతాయి. మధ్యమధ్యలో మొటిమల్లాంటి పొక్కులు లేస్తాయి, కానీ వాటికి నల్లటి మొనలు ఉండవు. సబ్బు తగిలితే చాలు, చురచుర.

మా వైపు దీన్ని ఎవరూ జబ్బు కింద లెక్కేయరు. చామనఛాయ కంటే ఒక మెట్టు తెలుపు కాబట్టి "ఎర్రగా బుర్రగా ఉన్నావు, నీకేం తక్కువ" అంటారు. తొమ్మిదో తరగతి పిల్లలు మాత్రం మేడమ్‌కి కోపం వచ్చిందనుకుని గప్‌చుప్‌గా కూర్చుంటారు. దీనివల్ల ఇప్పటిదాకా కలిగిన లాభం అదొక్కటే.

కిందటి నెల కాకినాడ వెళ్లి స్కిన్ స్పెషలిస్టుకి చూపించుకున్నాను. లైటు ఉన్న చిన్న భూతద్దం ఒకటి బుగ్గకి ఆనించి చూశారు. లూపస్ (ఒంటి రక్షణ వ్యవస్థ ఒంటి మీదే తిరగబడే జబ్బు, అందులోనూ బుగ్గలు ఎర్రబడతాయి) కాదని తేల్చుకోవడానికి ఏఎన్‌ఏ అనే రక్తపరీక్ష చేయించారు, నెగటివ్ వచ్చింది. రోసేసియా అని చెప్పి మూడు రాశారు. పొద్దున బ్రిమోనిడిన్ 0.33 శాతం జెల్, రాత్రి ఐవర్‌మెక్టిన్ 1 శాతం క్రీము, పగలు బయటికి వెళ్లేముందు సన్‌స్క్రీన్. బయట బెంచీల నిండా జనం. ఆయన చెప్పినదానికల్లా తలూపి వచ్చేశాను.

జెల్ సంగతి వినండి. మేనకోడలి పెళ్లి రోజు పొద్దున ఏడింటికి, చీటీలో ఉన్నట్టే నుదురు, ముక్కు, గడ్డం, రెండు బుగ్గలకి బఠాణీ గింజంత చొప్పున రాశాను. జడ వేసుకుని పూలు పెట్టుకునేసరికి ఎరుపు లేదు. అద్దంలో ఎవరో వేరే మనిషి. మా ఆడపడుచు పక్కకి లాగి "ఫేషియల్ ఎక్కడ చేయించుకున్నావు వదినా, చెప్పవేం" అని నిలదీసింది. జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, భోజనాలు, అన్నీ హాయిగా గడిచాయి. సాయంత్రం అప్పగింతల వేళకి బుగ్గలు వేడెక్కడం మొదలైంది. చూస్తుండగానే ఎప్పుడూ లేనంత ఎర్రగా, చెవుల దాకా పాకింది. పిల్ల వెళ్లిపోతోందని ఏడ్చిందనుకున్నారు అందరూ. నాకు ఏడుపే రాలేదు.

తర్వాత స్కూలు రోజుల్లో రాసుకున్నా అదే తంతు. మధ్యాహ్నం దాకా బాగుంటుంది, ఇంటికొచ్చి చీర మార్చుకునేసరికి మంట.

ఇది నాకు మందు పడకపోవడమా, అందరికీ ఇంతేనా? జెల్ ఆపేస్తే రాత్రి క్రీము కూడా ఆపేయాలా? అసలు ఐవర్‌మెక్టిన్ అంటే కరోనా టైమ్‌లో ఇంటిల్లిపాదీ మింగిన మాత్ర కదా, పురుగుల మందు! ముఖానికి పురుగుల మందేమిటి? మందుల షాపులో ఇదే అడిగితే "ఇవన్నీ ఎందుకు మేడమ్, ఇది రాయండి, వారంలో నున్నగా అయిపోతుంది" అని ఇంకో ట్యూబు చేతిలో పెట్టాడు. దాని మూత ఇంకా తియ్యలేదు.

గోదారి గట్టు

అక్కా, ఇంగ్లీషు మందులన్నీ ఇంతే. ఒకటి తగ్గిస్తే ఇంకోటి తెస్తాయి. అన్నీ పక్కన పడేసి కలబంద గుజ్జులో కస్తూరి పసుపు కలిపి పట్టించండి, ఆరాక సున్నిపిండితో బాగా రుద్ది కడగండి. మా అమ్మమ్మకి ఎనభై దాటినా ముఖం మీద ఒక్క మచ్చ ఉండేది కాదు.

మందుల కొట్టు బాబాయ్, తెనాలి

టీచరుగారూ, రుద్దడం మాత్రం వద్దు. మామూలు చర్మానికి సున్నిపిండి ఏమీ చేయదు. సబ్బుకే చురచురమనే చర్మం మీద దాన్ని రుద్దితే ఆ రాత్రి నిద్ర ఉండదు.

నేను ఫార్మసిస్టుని, డాక్టర్ని కాదు. మందు ఎలా పనిచేస్తుందో చెబుతాను. వాడాలా మానాలా అన్నది మీ డాక్టరుగారు చెప్పాలి.

బ్రిమోనిడిన్ కొత్త మందేం కాదు. గ్లాకోమాకి, అదే నీటికాసులకి, కంట్లో వేసే చుక్కల రూపంలో 1990ల నుంచీ ఉంది. రోసేసియా ఎరుపుకి రాసే జెల్‌గా అమెరికాలో 2013లో అనుమతి ఇచ్చారు. చర్మంలో ఉబ్బి ఉన్న సన్న రక్తనాళాలని ఇది బిగిస్తుంది. నాళం సన్నబడితే రక్తం తక్కువ పారుతుంది, ఎరుపు తగ్గుతుంది. అరగంటలో మొదలై, మూడు గంటల నుంచి ఆరు గంటల మధ్య బాగా పట్టు మీద ఉండి, పన్నెండు గంటలకల్లా దిగిపోతుంది. మీరు రాసింది ఏడింటికి. అప్పగింతలు ఎన్నింటికి? లెక్కల టీచరు, మీరే కలుపుకోండి.

దిగేటప్పుడు కొందరికి ఆ నాళాలు మునుపటికి రాకుండా, అంతకన్నా ఎక్కువగా తెరుచుకుంటాయి. రీబౌండ్ అంటారు. ముక్కు దిబ్బడకి ఆక్సీమెటాజోలిన్ చుక్కలు కొనేవాళ్లలో ఇది రోజూ చూస్తుంటాను. జలుబు చేసిందని ఒక సీసా తీసుకెళ్తారు, తర్వాత జలుబు పోయినా చుక్క వేయకపోతే ముక్కు మూసుకుపోతోందని నెలల తరబడి వస్తూనే ఉంటారు. ఆ ఆక్సీమెటాజోలినే 1 శాతం క్రీముగా చేసి రోసేసియా ఎరుపుకి అమెరికాలో 2017లో అనుమతించారు. రెండూ ఒకే తాను గుడ్డలు.

కాబట్టి ఈ జెల్ వల్ల జబ్బు తగ్గుతుందని పెట్టుకోకండి. ఎరుపుని కొన్ని గంటలు దాస్తుంది, దాని ఉద్యోగం అంతే. పొక్కులతో దానికి సంబంధం లేదు. మీరు చెప్పిన ఆ ముక్కు పక్క నాళాలు కూడా పోవు. చుట్టూ ఎరుపు తగ్గేసరికి అవి ఇంకా కొట్టొచ్చినట్టు కనబడవచ్చు కూడా. రాత్రి క్రీము పూర్తిగా వేరే సంగతి, దాన్ని దీనితో కలిపి ఆపేయకండి.

షాపులో ఇచ్చిన ట్యూబు బ్రాండు పేరు నాకొద్దు. వెనకాల చీమ తలకాయంత అక్షరాల్లో మందుల పేర్లు ఉంటాయి, అవి ఇక్కడ టైపు చేయండి. అప్పటిదాకా మూత తీయకండి.

లెస్టర్ నుంచి

హాయ్ మేడమ్. మాది నరసరావుపేట, చాలా ఏళ్లుగా ఇంగ్లండ్‌లో ఉంటున్నాం. నేను మీకంటే నలుపు. ఇక్కడ రోసేసియా తెల్లవాళ్ల జబ్బు అనే నమ్మకం ఎంత గట్టిదంటే, మా జీపీ, అంటే ఇక్కడి ఫ్యామిలీ డాక్టరు, మొదట మొటిమల మందే ఇచ్చారు. నా బుగ్గలు ఎర్రగా కనబడవు. కందిపోయినట్టు ముదురుగా, కాస్త ఊదా కలిసినట్టు ఉంటాయి. మంట మాత్రం తెల్లవాళ్లకి ఎంతో నాకూ అంతే! ఎండలో తిరిగొచ్చినప్పుడొకటి, ఇంట్లో ఉన్నప్పుడొకటి ఫోన్‌లో ఫోటోలు తీసి పక్కపక్కన పెట్టి చూపిస్తే గానీ స్కిన్ క్లినిక్‌కి పంపలేదు.

బ్రిమోనిడిన్ నేనూ వాడాను, మీకు జరిగినట్టే జరిగింది. ఇక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎంహెచ్‌ఆర్‌ఏ 2016 నవంబరులో దీని గురించే డాక్టర్లకి హెచ్చరిక పంపింది. ట్రయల్స్‌లో ఈ జెల్ వాడినవాళ్లలో 16 శాతం మందికి లక్షణాలు ఎక్కువయ్యాయని, అందుకని కనీసం మొదటి వారం పూర్తి మోతాదు కాకుండా కొద్దిగానే రాయించమని అందులో ఉంది. మా క్లినిక్ నర్సు దాన్ని ఇంకా చిన్నది చేసి చెప్పింది. ఒక్క బుగ్గ మీద, చెవి వైపు, ధనియం గింజంత. ఏ ఫంక్షనూ లేని రోజున రాసి, సాయంత్రం దాకా రెండో బుగ్గతో పోల్చి చూసుకోమంది. అది పడితే మెల్లగా పెంచుకోవచ్చు, పడకపోతే పాడయ్యేది అంగుళం మేరే కదా.

ఇప్పుడు ఇంటర్వ్యూలాంటిది ఉంటే తప్ప ట్యూబు తీయను. రాసినా పల్చగా రాస్తాను, వెంటనే చేతులు కడుక్కుంటాను.

నాకు అసలు శత్రువు వంటింట్లో దొరికింది. ఏం తిన్నాక ముఖం ఎర్రబడిందో నోట్‌బుక్‌లో రాసుకుంటూ పోతే, ఆవకాయ ఒక్కసారి కూడా రాలేదు! వేడి సాంబారు వచ్చింది, పొయ్యి మీంచి దించిన పాలు వచ్చాయి, కళాయి మీద వంగి బజ్జీలు వేసిన ఆదివారాలన్నీ వచ్చాయి. నాకు కారం కాదు, వేడి. ఆవకాయ మానేయమని అత్తగారు పెట్టిన పోరు ఆ నోట్‌బుక్కుతో తీరిపోయింది. కాఫీ కూడా మానలేదు, చల్లార్చి తాగుతాను. మీకు వేరేది కావచ్చు, ఒక నెల రాసి చూడండి.

రాజమండ్రి లెక్కల టీచరు

బాబాయ్ గారి లెక్క సరిపోయింది, అప్పగింతలు ఆరింటికి. లెస్టర్ అమ్మాయీ, నీ ధనియం గింజ కొలత బాగుంది, మా డాక్టర్ని అడిగి అలాగే చూస్తాను. ఆవకాయ బతికిపోయినందుకు సంతోషం, మాకు ఈ ఏడాది రెండు జాడీలు ఉన్నాయి.

ఇంకొన్ని చెప్పాలి. బీపీకి ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాముల మాత్ర రోజూ వేసుకుంటాను. మా మామగారికి నీటికాసుల చుక్కలు ఉన్నాయి, సీసా తిప్పి చూస్తే అదీ బ్రిమోనిడినే! జెల్ ధర చూసిన దగ్గర్నుంచీ మా వారు "ఆ చుక్కలే నాలుగు బుగ్గలకి రాస్తే పోలా" అంటున్నారు. ఆయన బ్యాంకు మనిషి, చెప్పినా వినరు, ఎవరైనా డాక్టరు చెబితే వింటారు.

కళ్లు కూడా ఇసుక పడ్డట్టు గరగరమంటున్నాయి, పొద్దున్నే రెప్పలు అతుక్కుని ఉంటాయి. ఇరవై ఏళ్లకి పైగా సుద్దముక్కల పొడిలో బతుకుతున్నాను కదా, దానివల్లే అనుకుంటున్నాను.

స్కిన్ పీజీ, విశాఖ

మేడమ్, మీరు చివర చెప్పినదాని గురించి ముందు చెబుతాను. అది సుద్దపొడి కాకపోవచ్చు. రోసేసియా కళ్లలోకి కూడా వస్తుంది, చాలామంది దాన్ని వేరే సమస్య అనుకుని స్కిన్ డాక్టరుకి చెప్పరు. రెప్పల అంచున నూనె గ్రంథులు మూసుకుపోయి కన్ను పొడిబారుతుంది, గరగరమంటుంది. కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి, రోసేసియా ఉందని మీరే చెప్పండి. నొప్పి, మసక, వెలుతురు చూడలేకపోవడం ఉంటే మాత్రం అదే రోజు వెళ్లాలి, కార్నియా, అంటే కంటి ముందుండే పారదర్శక పొర, దెబ్బతినే ప్రమాదం ఉంది.

ఆమ్లోడిపిన్ రక్తనాళాలని వదులు చేసి బీపీ తగ్గిస్తుంది. ముఖం వేడెక్కి ఎర్రబడటం దాని సైడ్ ఎఫెక్టుల్లో ఒకటి. మాత్ర మొదలుపెట్టాక మీ ఎరుపు పెరిగిందేమో గుర్తు చేసుకోండి. మీ అంతట మీరు ఆపొద్దు, ఇంకో రకం మాత్ర కుదురుతుందేమో బీపీ చూసే డాక్టర్ని అడగండి. ఇంకో విషయం, బ్రిమోనిడిన్ జెల్ కొంత చర్మం గుండా రక్తంలోకి చేరితే బీపీ, గుండె వేగం తగ్గవచ్చు. అరుదే. అయినా బీపీ మందులు వాడేవాళ్లకి, గుండెజబ్బు, డిప్రెషన్, చలికి వేళ్లు తెల్లబడే రేనాడ్స్ ఉన్నవాళ్లకి జాగ్రత్త పడతాం. కాకినాడ డాక్టరుగారికి మీ మాత్ర సంగతి తెలుసో లేదో ఫోన్ చేసి చెప్పండి.

సార్‌కి: మామగారి చుక్కలు మామగారి కళ్లకే. ఆ మందు బలం వేరు. అది నీళ్లలా జారిపోతుంది కాబట్టి ఎక్కడ ఎంత పట్టిందో తెలియదు. చాలా కంటి చుక్కల్లో నిల్వ కోసం వేసే బెంజాల్కోనియం క్లోరైడ్ ఇలాంటి చర్మాన్ని ఇంకా రేపుతుంది. ఇంట్లో మనవలు, చిన్నపిల్లలు తిరుగుతుంటే జెల్ ట్యూబు బీరువాలో పెట్టండి. ట్రయల్స్ జరుగుతున్నప్పుడే ఒక పేషెంటు పిల్లలిద్దరు పొరపాటున మింగి ప్రమాదంలో పడ్డారు. చిన్నపిల్లలు ఈ మందు మింగితే మగతలోకి జారి ఊపిరి తీసుకోవడం కష్టమవుతుంది.

ఇక పురుగుల మందు. డెమోడెక్స్ అని కంటికి కనబడని పురుగు ఒకటి మనందరి ముఖం మీదా, వెంట్రుక కుదుళ్లలో ఉంటుంది. మీకూ నాకూ మీ వారికీ ఉంటుంది, శుభ్రతతో సంబంధం లేదు. రోసేసియా ఉన్నవాళ్లలో వీటి సంఖ్య ఎక్కువ. ఐవర్‌మెక్టిన్ వీటిని చంపడంతోపాటు చర్మంలో వాపుని కూడా తగ్గిస్తుంది. కరోనాకి అది పనిచేయలేదని తేలింది గానీ మందు చరిత్ర మాత్రం గొప్పది. జపాన్ మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవి దగ్గర మొదలైంది, 2015లో నోబెల్ కూడా వచ్చింది. రోసేసియా పొక్కులకి 1 శాతం క్రీము రోజుకి ఒకసారి రాయించి, రోసేసియాకే వాడే ఇంకో మందు మెట్రోనిడజోల్ 0.75 శాతం క్రీము రోజుకి రెండుసార్లు రాయించినవాళ్లతో పోల్చారు. 16 వారాలకి ఐవర్‌మెక్టిన్ మెరుగ్గా ఉంది. 16 వారాలు అన్నది గమనించండి. చాలామంది నెల తిరగకుండానే పని చేయలేదని మానేసి వస్తారు. మొదటి రోజుల్లో కాస్త ఎక్కువైనట్టు అనిపించవచ్చు కూడా. పొక్కులు తగ్గేకొద్దీ వాటి చుట్టూ ఉన్న ఎరుపు కొంత తగ్గుతుంది, మిగిలినదాని సంగతి అప్పుడు చూడొచ్చు. ముక్కు పక్క నాళాలకి ఏ క్రీమూ పనిచేయదు, లేజర్ కావాలి. మన రంగు చర్మానికి లేజర్ సెట్టింగులు తెలిసినవాళ్ల దగ్గరే చేయించుకోవాలి, లేకపోతే మచ్చలు మిగులుతాయి.

సన్‌స్క్రీన్‌లో జింక్ ఆక్సైడ్ లేదా టైటానియం డయాక్సైడ్ ఉన్నది, ఎస్‌పీఎఫ్ 30కి తగ్గకుండా తీసుకోండి, ఇలాంటి చర్మానికి అవి తక్కువ మండుతాయి. గోదారి గట్టు గారూ, పసుపుకి కూడా అలర్జీ వచ్చేవాళ్లున్నారు. అమ్మమ్మగారి చర్మం అదృష్టం.

రాజమండ్రి లెక్కల టీచరు

ఫోన్ చేశాను. కాంపౌండరు రెండుసార్లు పెట్టేశాడు, మూడోసారి డాక్టరుగారే ఎత్తారు. బీపీ మాత్ర సంగతి ఆయనకి తెలియదు, ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. జెల్ ప్రస్తుతానికి పక్కన పెట్టమన్నారు, మూడు నెలలు రాత్రి క్రీము, సన్‌స్క్రీన్ మాత్రమే. పురుగుల గురించి మా వారికి చదివి వినిపిస్తే లేచి వెళ్లి ముఖం కడుక్కొచ్చారు. చుక్కల ఊసు మళ్లీ ఎత్తలేదు. కంటి డాక్టరు దగ్గరికి శనివారం వెళ్తున్నాం.

బాబాయ్ గారూ, ఆ ట్యూబు వెనకాల ఉన్నవి: క్లోబెటసాల్ ప్రొపియోనేట్, నియోమైసిన్ సల్ఫేట్, మైకోనజోల్ నైట్రేట్. మా తోడికోడలు చూసి "నేను రోజూ రాసేది ఇదే, రంగు వస్తుంది" అంది. తనకీ ఈమధ్య ఎండలోకి వెళ్తే ముఖం మండుతోందట.

మందుల కొట్టు బాబాయ్, తెనాలి

అనుకున్నదే అయింది. పైన రాసే స్టిరాయిడ్లలో అన్నిటికన్నా బలమైన వరసలో ఉంటుంది క్లోబెటసాల్. వారంలో నున్నగా అవుతుందని అతను చెప్పింది అబద్ధం కాదు, నిజంగానే అవుతుంది. నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడుతుంది, నాళాలు పైకి తేలతాయి, మానేసిన రోజున ముఖం భగ్గుమంటుంది. రోసేసియా లేనివాళ్లకి కూడా అచ్చం అలాంటి ముఖాన్నే తెచ్చిపెడుతుంది. ఇలాంటివాళ్లు ఎంతమంది వస్తున్నారంటే, మన దేశంలో స్కిన్ డాక్టర్లు దీనికి టాపికల్ స్టిరాయిడ్ డ్యామేజ్డ్ ఫేస్ అని పేరే పెట్టుకున్నారు. 2018లో కేంద్రం 14 రకాల స్టిరాయిడ్ క్రీములని చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. మా వ్యాపారంలో దాన్ని ఎందరు పాటిస్తున్నారో నన్ను అడగకండి, మీ చేతిలో ట్యూబు ఉందిగా.

మీ తోడికోడలుగారు రేపటి నుంచే మానేస్తానంటే మాత్రం ఆపండి. చాలాకాలం రాసి ఒక్కసారిగా వదిలేస్తే భరించలేనంత మంట పుట్టి మళ్లీ అదే ట్యూబు పట్టుకుంటారు. మెల్లగా మాన్పించడానికి డాక్టర్లకి పద్ధతులున్నాయి. మీరు కాకినాడ వెళ్లేటప్పుడు ఆవిణ్ణి కూడా తీసుకెళ్లండి, వాడే ట్యూబు చేతిలో పెట్టి మరీ.

మీ ట్యూబు సీలు తీయలేదు కాబట్టి బిల్లుతో వెనక్కివ్వండి. తీసుకోనంటే పారేయండి, ఇంట్లో మాత్రం ఉంచకండి. ఆవిడ మీదీ వాడేస్తారు.